తోటి నాయకుల పాత మాటలను వెనకేసుకురావడం: వాన్స్ నుంచి వర్జీనియా దాకా

ఫ్రిస్కో_శ్రీను:
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా నన్ను కుదురుగా ఉండనివ్వని విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

2025 ఫిబ్రవరిలో మార్కో ఎలెజ్ అనే 25 ఏళ్ల ఇంజినీరు పాత పోస్టులను వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. అప్పటికి అతను డోజ్ (ప్రభుత్వ ఖర్చులు తగ్గించడానికి మస్క్ నడిపిన విభాగం) తరఫున ట్రెజరీలో, అంటే అమెరికా ప్రభుత్వం చెల్లింపులు జరిపే చోట పనిచేస్తున్నాడు. పోస్టులు పెట్టింది సొంత పేరు లేని ఖాతాలో. భారతీయులంటే ద్వేషం మామూలు విషయం అయిపోవాలని ఒకటి. డబ్బిచ్చినా తన జాతి బయట పెళ్లి చేసుకోనని ఇంకొకటి. హెచ్1బీ మీద వచ్చిన భారతీయుల పనంతా ఏఐ చేసేస్తుంది, వాళ్లు వెనక్కి పోతారు, కంగారు పడకండి అని మరొకటి. వార్త వచ్చిన రోజే అతను రాజీనామా చేశాడు.

మర్నాడు ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ ఎక్స్‌లో రాశాడు. కొన్ని పోస్టులతో తనకు ఏకీభావం లేదట. కానీ సోషల్ మీడియాలో చేసిన తెలివితక్కువ పనికి ఒక కుర్రాడి జీవితం పాడు కాకూడదట, మనుషుల్ని నాశనం చేయాలని చూసే జర్నలిస్టులకు బహుమతి ఇవ్వకూడదట, అందుకని అతన్ని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోవాలట. అదే రోజు జపాన్ ప్రధాని ఇషిబాతో కలిసి పెట్టిన ప్రెస్‌మీట్‌లో ట్రంప్‌ను అడిగితే, ఆ విషయం తనకు తెలియదు గానీ ఉపాధ్యక్షుడి మాటే తన మాట అన్నాడు. మస్క్ క్షమాగుణం గురించి ఒక మాట రాసి అతన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించాడు.

వాన్స్ భార్య ఉష మన తెలుగువాళ్ల అమ్మాయి. అప్పటికి ముగ్గురు పిల్లలు. కాలిఫోర్నియా కాంగ్రెస్ సభ్యుడు రో ఖన్నా అందుకే సూటిగా అడిగాడు: మీ పిల్లల కోసం, మా పిల్లల కోసం, తిరిగి తీసుకునే ముందు అతనితో క్షమాపణ చెప్పిస్తారా అని. వాన్స్ దానికి అవును అనలేదు, కాదు అనలేదు. ఎదగమని ఖన్నాకే చెప్పాడు. ఇంటర్నెట్‌లో జాతి ద్వేషం కక్కేవాళ్ల వల్ల తన పిల్లలకు ప్రమాదం లేదు, తప్పు చేసినవాళ్లను క్షమించని సంస్కృతి వల్లే ప్రమాదం అన్నాడు. ఖన్నాను చూస్తే అసహ్యం వేస్తోందని కూడా రాశాడు.

మా అబ్బాయి హైస్కూల్లో ఉన్నాడు. ఈ పోస్టులు వాడి ఫోన్‌కూ వచ్చాయి. అందుకే అడుగుతున్నాను. తోటివాడి పాత మాటలను వెనకేసుకొచ్చే నాయకుడు కనీసం ఏం చెప్పాలి? మీ అభిప్రాయాలు రాయండి.

కొలంబస్_రవి:
శ్రీను గారూ, నేను ఓహాయోలో ఉంటాను. వాన్స్‌కు సెనేట్ ఎన్నికల్లో ఓటేశాను, దాచుకోను. నా మాట కొంచెం ఓపికగా వినండి.

పాతికేళ్ల కుర్రాడు. పేరు దాచుకుని రాసిన రాతలు. అప్పటికి ఉద్యోగంలో తప్పు చేశాడని ఎవరూ చూపించలేదు. ఎప్పుడో రాసిన మాట ఒకటి తవ్వి తీసి మనిషి బతుకుతెరువు మీద కొట్టడం ఇక్కడ పదేళ్లుగా చూస్తున్నాం. ఆ పద్ధతికి మన పిల్లలూ బలవుతారు. కాలేజీలో ఉన్నప్పుడు మన పిల్లలు ఏమేం రాశారో మనలో ఎంతమందికి తెలుసు? వాన్స్ భార్య మన అమ్మాయి, పిల్లలు సగం మనవాళ్లు. ఆ పోస్టులు చదివి ఆయనకు బాధ కలగలేదని నేను అనుకోను. బాధ కలిగినా క్షమించాడు. అది నాకు పెద్దరికంగానే కనిపించింది.

నరసాపురం_పద్మ:
రవి గారూ, గౌరవంతోనే రాస్తున్నాను. "ఎప్పుడో రాసిన మాట" అన్నారు. భారతీయుల మీద ద్వేషం గురించిన పోస్టు 2024 సెప్టెంబరుది. హెచ్1బీ వాళ్లు వెనక్కి పోతారన్నది డిసెంబరుది. ఉద్యోగం పోయింది ఫిబ్రవరిలో. మధ్యలో ఉన్నవి నెలలే. కాలేజీ రోజుల్లో పొరపాటున అన్న మాట కాదు, ప్రభుత్వంలో చేరబోయే ముందు రాసిన మాట.

రెండోది. క్షమించాడని అంటున్నారు. ఎవరు ఎవరిని క్షమించారు? ఆ పోస్టు వాన్స్ మీద కాదు కదా. క్షమించాలో వద్దో చెప్పాల్సింది ఆ మాట తగిలినవాళ్లు. వాళ్ల తరఫున ఈయన క్షమించేశాడు, ఆ పక్క నుంచి క్షమాపణ అడిగినవాడిని తిట్టాడు. నాకు అన్నిటికంటే మింగుడు పడనిది ఇదే.

నేను ఈ దేశానికి హెచ్4 మీద, అంటే భర్త వీసా మీద ఆధారపడి వచ్చి ఏడేళ్లు ఇంట్లో కూర్చున్నదాన్ని. మా వారి గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. హెచ్1బీ ఆమోదాల్లో 70 శాతానికి పైగా మనవాళ్లవే, అందులో తెలుగువాళ్లు ఎంతమందో ఏ తెలుగు సంఘం పిక్నిక్‌కు వెళ్లినా కనిపిస్తుంది. మా ఫైళ్లు, మా పన్నుల వివరాలు, మా బ్యాంకు నంబర్లు ప్రభుత్వం కంప్యూటర్లలోనే ఉంటాయి. "వాళ్లు వెనక్కి పోతారు" అని సంబరపడినవాడు ఆ ప్రభుత్వంలోనే కూర్చున్నాడని తెలిస్తే నిద్ర ఎలా పడుతుంది?

పాత_పేపర్లు:
వాన్స్ ఇలా మాట్లాడటం ఇది మొదటిసారి కాదు. వరస తెలిస్తే విషయం ఇంకొంచెం స్పష్టపడుతుంది.

2024 జులైలో ఆయన్ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించగానే 2021 నాటి ఇంటర్వ్యూ ఒకటి బయటికొచ్చింది. టక్కర్ కార్ల్‌సన్ షోలో ఇచ్చింది. పిల్లల్లేని, పిల్లుల్ని పెంచుకునే, తమ బతుకు మీద తమకే సంతోషం లేని ఆడవాళ్లు దేశాన్ని నడుపుతున్నారని, వాళ్లకు దేశ భవిష్యత్తులో నేరుగా వాటా లేదని అన్నాడు. కమలా హారిస్ పేరు, అప్పటి రవాణా మంత్రి పీట్ బుటిజెజ్ పేరు తీశాడు. హారిస్ తన భర్త పిల్లలిద్దరికీ తల్లిలాగే ఉంది. ఆ పిల్లల సొంత తల్లే ముందుకొచ్చి ఆమె తరఫున మాట్లాడింది. బుటిజెజ్ దంపతులు ఆ సమయంలో దత్తత కోసం ప్రయత్నిస్తూ ఒకసారి ఆశ తప్పి కుంగిపోయి ఉన్నారట, ఆ సంగతి ఆయనే టీవీలో చెప్పాడు.

అప్పుడు పార్టీవాళ్లు ఏం చేశారో చూడండి. ట్రంప్, వాన్స్‌కు కుటుంబం అంటే ఇష్టమని, పిల్లల్లేనివాళ్లకు వ్యతిరేకి అని కాదని సర్దిచెప్పాడు. రెండు రోజుల తర్వాత షికాగోలో నల్లజాతి జర్నలిస్టుల సభలో, వాన్స్ మొదటి రోజు నుంచే బాధ్యత మోయగలడా అని అడిగితే, ఉపాధ్యక్షుడి వల్ల ఎన్నికల్లో పెద్దగా తేడా ఉండదని దాటేశాడు. వాన్స్ మాత్రం వ్యాఖ్యాత మెగిన్ కెల్లీతో, అది వెటకారంగా అన్నదే గానీ అందులోని అసలు విషయం నిజమే అన్నాడు. అదే ఇంటర్వ్యూలో ఉష గురించి, ఆమె తెల్లజాతి మనిషి కాదు, దాని మీద కొందరు జాత్యహంకారులు మాపై దాడి చేశారు, "కానీ" ఆమె అంటే నాకు ప్రేమ, మంచి తల్లి అన్నాడు. భార్యను సమర్థించడానికి ఆ "కానీ" ఎందుకు పడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ట్రంప్ మద్దతుదారు లారా లూమర్ సంగతి మన ఇళ్లకు ఇంకా దగ్గరిది. హారిస్ గెలిస్తే వైట్‌హౌస్ కూర వాసన కొడుతుందని ఆ 2024 సెప్టెంబరులోనే రాసింది. రాసిన రెండు రోజులకే ట్రంప్ విమానంలో డిబేట్‌కు వెళ్లింది. ఆ మాట జాత్యహంకారమని గట్టిగా అన్నది మార్జొరీ టేలర్ గ్రీన్, అదే పార్టీ మనిషి. ట్రంప్ తాను లూమర్‌ను అదుపు చేయనని, ఆమె స్వేచ్ఛాజీవి అని అన్నాడు. వాన్స్‌ను టీవీలో అడిగితే ఆ మాటతో ఏకీభవించనని చెబుతూనే, తాను చికెన్ కూర బాగా వండుతానని, ఇది దేశానికి ముఖ్యమైన విషయం కాదని ముగించాడు. కూర వండటం వస్తే ఆ మాట చిన్నదైపోతుందా? చిన్నప్పుడు లంచ్ బాక్స్ తెరవడానికి సిగ్గుపడిన పిల్లలు మన ఇళ్లలో ఎంతమంది లేరు!

వడ్లూరు_పక్కూరు:
మాది పశ్చిమ గోదావరి. ఉష గారి పూర్వీకుల ఊరు వడ్లూరు మాకు దగ్గరే. 2024లో ఆ ఊళ్లో పూజలు చేశారు, టీవీవాళ్లంతా వచ్చారు. మా బంధువులు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. అందులో తప్పేమీ లేదు, ఊరి పేరు అంత దూరం వినబడితే ఎవరికైనా సంతోషమే.

ఆమె కూడా భర్తను వెనకేసుకొచ్చింది. పిల్లుల మాట మీద 2024 ఆగస్టులో ఫాక్స్‌లో మాట్లాడుతూ, అది సరదాగా విసిరిన మాట అని, ఈ దేశంలో పిల్లల్ని పెంచడం ఎంత కష్టమో చెప్పడమే ఆయన ఉద్దేశమని, జనం మూడు పదాల దగ్గరే ఆగిపోకుండా అసలు విషయం మాట్లాడితే బాగుండునని అంది. భార్యగా ఆమె అనడంలో నాకు అభ్యంతరం లేదు. ఎవరి భార్య అయినా అంతే చేస్తుంది.

నా బాధ వేరే. ఇక్కడ కొందరు "ఉష ఎందుకు నోరు మెదపదు" అని ఆమె మీదికి వెళ్తున్నారు. ఆమె ఎన్నికైన మనిషి కాదు, ఎలెజ్‌ను తీసుకోమన్నదీ ఆమె కాదు. ఖన్నా పిల్లల మాట ఎత్తడం కూడా నాకు నచ్చలేదు. ప్రశ్న న్యాయమైనదే, పిల్లల్ని తేకుండా అడిగి ఉంటే వాన్స్‌కు తప్పించుకునే సందు దొరికేది కాదు.

నరసాపురం_పద్మ:
పిల్లల్ని తేవడం గురించి మీరన్నది ఆలోచించాల్సిందే అన్నయ్యా. కానీ ఆ పోస్టు జాతి బయట పెళ్లి గురించి. ఆ ఇంటి పిల్లలే దానికి జవాబు. ఖన్నా మనసులో అదే ఉండి ఉంటుంది.

ఆష్‌బర్న్_మూర్తి:
అంతా రిపబ్లికన్ల గురించే నడుస్తోంది. నేను ఉత్తర వర్జీనియాలో ఉంటాను, ఎక్కువగా డెమోక్రాట్లకు ఓటేస్తాను. మా పక్క జరిగింది చెప్పకపోతే న్యాయం కాదు.

2025 అక్టోబరులో, గవర్నర్ ఎన్నికలకు నెల ఉందనగా, అటార్నీ జనరల్ అభ్యర్థి జే జోన్స్ 2022లో ఒక రిపబ్లికన్ శాసనసభ్యురాలికి పంపిన మెసేజ్‌లు నేషనల్ రివ్యూ పత్రికలో వచ్చాయి. అప్పటి స్పీకర్ టాడ్ గిల్బర్ట్‌ను, హిట్లర్‌ను, కంబోడియా నియంత పోల్‌పాట్‌ను పక్కపక్కన పెట్టి, తన దగ్గర రెండు తూటాలే ఉంటే రెండూ గిల్బర్ట్ తలలోకే అని రాశాడు. గిల్బర్ట్ పిల్లల ప్రస్తావన కూడా ఉంది, అది ఇక్కడ రాయడానికి చేయి రావడం లేదు. రాష్ట్రంలో న్యాయానికి పెద్ద లాయరుగా ఉండాల్సినవాడి మాటలు ఇవి!

జోన్స్ క్షమాపణ చెప్పాడు. సిగ్గుపడుతున్నానని తన నోటితో అన్నాడు. ఎలెజ్ కథకూ దీనికీ ఉన్న తేడా అది. కానీ మా గవర్నర్ అభ్యర్థి అబిగైల్ స్పాన్‌బర్గర్ తీరు చూసి నేను తల దించుకున్నాను. మాటలను ఖండించింది, సందేహం లేదు. అక్టోబరు 9 డిబేట్‌లో జోన్స్‌కు మద్దతు వెనక్కి తీసుకుంటారా అని మళ్లీ మళ్లీ అడిగారు. ఓటర్లకు సమాచారం అందింది, ఎవరికి వాళ్లు నిర్ణయించుకుంటారు అని మాత్రమే చెప్పింది. ఎదురుగా రిపబ్లికన్ ప్రత్యర్థి విన్సమ్ సియర్స్ అడుగుతూనే ఉంది, ఈమె ముందుకే చూస్తూ నిలబడింది.

ఆమె ఇబ్బంది ఏంటో నాకు తెలుసు. ఇక్కడ ముందస్తు పోలింగ్ సెప్టెంబరులోనే మొదలైపోయింది. బ్యాలెట్ మీద పేరు మార్చలేరు. తప్పుకోమంటే ఆ పదవి అవతలివాళ్లకు రాసిచ్చినట్టే. కానీ ఆ లెక్క ఉందని ఓటరుకు చెప్పాలి కదా. "ఈ మాటలు ఆ పదవికి తగవు, అయినా ఈ ఈ కారణాల వల్ల నేను తప్పుకోమనడం లేదు" అంటే నేను గౌరవించేవాడిని. ఏదీ చెప్పకుండా భారం మా మీద పెట్టింది.

కొలంబస్_రవి:
@ఆష్‌బర్న్_మూర్తి గారూ, మీరు ఇది రాసినందుకు చాలా థాంక్స్. మా వాళ్ల పాత పోస్టులు తవ్వినంత ఉత్సాహంగా ఆ మెసేజ్‌ల గురించి ఎవరూ మాట్లాడరు అనేదే మా కోపం. చివరికి ఆయన గెలిచాడు కూడా కదా?

ఆష్‌బర్న్_మూర్తి:
గెలిచాడు. ఇక్కడ గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్ మూడింటికీ విడివిడిగా ఓటేయాలి. స్పాన్‌బర్గర్ భారీగా గెలిచింది. హైదరాబాద్‌లో పుట్టిన ఘజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచింది. జోన్స్ ఆధిక్యం మాత్రం స్పాన్‌బర్గర్ కంటే బాగా తక్కువ. అంటే కొంతమంది పైన డెమోక్రాట్‌కు వేసి, ఈ పదవి దగ్గర ఆగిపోయారు. నేనూ ఆ గడి ఖాళీ వదిలేశాను. ఇంట్లో మా ఆవిడ వేసింది, ఆమె కారణాలు ఆమెకున్నాయి.

పాత_పేపర్లు:
రవి గారూ, జోన్స్ మెసేజ్‌ల గురించి గట్టిగా మాట్లాడింది వాన్సే. ఎప్పుడో తెలుసా? అక్టోబరు 14న యంగ్ రిపబ్లికన్ (పార్టీ యువజన విభాగం) నాయకుల టెలిగ్రామ్ సంభాషణలు 2,900 పేజీలు పొలిటికో అనే వార్తాసంస్థ బయటపెట్టినప్పుడు. హిట్లర్‌ను పొగడటం, గ్యాస్ చాంబర్ల మీద జోకులు, నల్లవాళ్ల మీద రాయలేని మాటలు. వాన్స్ వెంటనే జోన్స్ మెసేజ్ ముందుకు తెచ్చి, కాలేజీ పిల్లల గ్రూపులో మాటల కంటే ఇది చాలా ఘోరం అన్నాడు. తర్వాత ఒక షోలో, పిల్లలు తెలివితక్కువ పనులు చేస్తారు, ముఖ్యంగా మగపిల్లలు, అన్నాడు.

యంగ్ రిపబ్లికన్ సంఘంలో 18 నుంచి 40 ఏళ్ల దాకా ఉండొచ్చు. ఆ గ్రూపులో ఉన్నవాళ్లలో ఒకరు వెర్మాంట్ రాష్ట్ర సెనేటర్. మీరూ నేనూ ఇరవై నాలుగేళ్లకే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటి అద్దె కట్టుకుంటూ, చెల్లెలి పెళ్లి ఖర్చు లెక్కలు చూసుకున్నవాళ్లం. అప్పుడు మనల్ని ఎవరూ చిన్నపిల్లలు అనలేదు.

అదే పార్టీలో వేరేవాళ్లు ఏం చేశారో కూడా చెప్పాలి. వెర్మాంట్ గవర్నర్ ఫిల్ స్కాట్ తన పార్టీ సెనేటర్నే రాజీనామా చేయమన్నాడు. ఆ సెనేటర్ చేశాడు. న్యూయార్క్‌లో పార్టీ ఆ యువజన విభాగం గుర్తింపునే తీసేసింది. ఆ పనికి ఎవరి జీవితమూ కూలిపోలేదు.

హన్మకొండ_కిరణ్:
దేశంలో జరిగినవి కూడా కలుపుతాను. 2024 మే 8. కాంగ్రెస్ నాయకుడు శామ్ పిట్రోడా ఒక ఇంటర్వ్యూలో తూర్పువాళ్లు చైనావాళ్లలా, దక్షిణాదివాళ్లు ఆఫ్రికావాళ్లలా ఉంటారని అన్నారు. ఆ రోజు మోదీ గారి సభ మా వరంగల్‌లోనే. చర్మం రంగును బట్టి నా దేశ ప్రజలను అవమానిస్తారా, నాకు చాలా కోపం వస్తోంది అని ఆయన మాట్లాడిందంతా మేం విన్నాం. సాయంత్రానికి కాంగ్రెస్ తరఫున జైరామ్ రమేశ్ ఆ పోలికలు ఆమోదయోగ్యం కావు, పార్టీకి సంబంధం లేదు అన్నారు. పిట్రోడా ఓవర్సీస్ కాంగ్రెస్ పదవికి రాజీనామా చేశారు.

ఎన్నికలయ్యాయి. జూన్ 26న అదే పదవి మళ్లీ ఇచ్చారు! ఇకమీదట ఇలాంటి వివాదాలకు తావివ్వనని హామీ ఇచ్చారట. 2025 ఫిబ్రవరిలో చైనా శత్రువు కాదన్నట్టు మాట్లాడారు, మళ్లీ జైరామ్ రమేశ్ గారే వచ్చి అవి పార్టీ అభిప్రాయాలు కావన్నారు. నేను కాంగ్రెస్‌కు ఓటేసినవాడినే. అప్పటి రాజీనామా మా ఓటు కోసమేనా అని మా వీధిలోవాళ్లు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

రిటైర్డ్_టీచర్_ఒంగోలు:
నాయనా కిరణ్, బీజేపీ దగ్గరా ఇదే. 2019 మే 16న భోపాల్ అభ్యర్థి ప్రజ్ఞా ఠాకూర్, గాడ్సే దేశభక్తుడు, ఎప్పటికీ దేశభక్తుడే అంది. పార్టీ తరఫున మాట్లాడాల్సి వచ్చింది మన జిల్లావాడే, జీవీఎల్ నరసింహారావు. ఆయన నీళ్లు నమలలేదు. ఖండిస్తున్నాం, ఆమె బహిరంగంగా క్షమాపణ చెప్పాలి అన్నాడు. చెప్పింది కూడా. మోదీ గారు ఆమెను మనస్ఫూర్తిగా ఎన్నటికీ క్షమించలేనన్నారు. పది రోజుల్లో క్రమశిక్షణ సంఘం నివేదిక అన్నారు.

అంతకు ముందు నెలలోనే ముంబై దాడుల్లో చనిపోయిన పోలీసు అధికారి, మాలేగావ్ పేలుడు కేసులో ఆమెను విచారించిన హేమంత్ కర్కరే గురించి ఆమె నీచంగా మాట్లాడింది. తన శాపం తగిలి పోయాడన్నట్టుగా. అప్పుడు పార్టీ ప్రకటన, కర్కరే అమరుడే గానీ ఆమె మాట వ్యక్తిగతమని, ఏళ్ల తరబడి పడ్డ శారీరక, మానసిక హింస వల్ల అలా అని ఉండవచ్చని. ఒక అమరుడిని అన్నదానికి, అన్నవాళ్ల బాధను అడ్డం పెట్టారు. ఆ రోజు గట్టిగా ఆపి ఉంటే గాడ్సే మాట వచ్చేదా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఆమె మూడున్నర లక్షలకు పైగా ఓట్ల తేడాతో గెలిచింది. నవంబరులో రక్షణ శాఖ సంప్రదింపుల కమిటీలో వేశారు. నవంబరు 27న లోక్‌సభలో మళ్లీ గాడ్సే గొడవ రేపింది, అప్పుడు తీసేశారు. క్షమించలేనన్న మనిషికి ఆ కమిటీలో చోటు ఎలా వచ్చిందో నా పాఠాలు విన్న పిల్లలకు నేను చెప్పలేకపోయాను. 2024లో టికెట్ ఇవ్వలేదు. మాలేగావ్ కేసులో ఆమె నిర్దోషిగా బయటపడింది, అది వేరే విషయం, ఈ మాటలకు దానితో పని లేదు.

ఫ్రిస్కో_శ్రీను:
అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీరు రాసింది చదివాక నా ప్రశ్నకు నాకొక దారి దొరికింది. జీవీఎల్ గారు ఆ రోజు చెప్పిన రెండు మాటలు, ఇది తప్పు, అన్నవాళ్లే క్షమాపణ చెప్పాలి, నేను వాన్స్ దగ్గర వినాలనుకున్నవి. "కొన్ని పోస్టులతో ఏకీభవించను" అన్నాడు. ఏ పోస్టులతో? భారతీయుల మీద ద్వేషం తప్పు అని ఒక్క వాక్యం రాయడానికి ఏం అడ్డొచ్చింది? ఆ వాక్యం రాసి, అతనితో క్షమాపణ చెప్పించి, ఆ తర్వాత ఉద్యోగం ఇచ్చి ఉంటే నేను ఈ చర్చ మొదలుపెట్టేవాడినే కాదు. 2025 డిసెంబరులో తెల్లజాతి ఆధిపత్యవాది నిక్ ఫ్యూంటెస్ లాంటివాళ్లు ఉషను అన్నప్పుడు ఆయన బూతుతోనే జవాబిచ్చాడు. భర్తగా సరే. మా ఇంటివాళ్లను అన్నప్పుడు ఆ కోపంలో పదోవంతు చూపించినా చాలు.

కొలంబస్_రవి:
శ్రీను గారూ, కుర్రాడిని వెనక్కి తీసుకోవడం తప్పని నేను ఇప్పటికీ అనను. ఉద్యోగం వేరు, క్షమాపణ వేరు. కానీ ఖన్నా ప్రశ్నకు జవాబు రాలేదన్నది నిజం, దాన్ని నేను సమర్థించలేను. 2028లో వాన్స్ పోటీ చేస్తే ఓహాయోలో మన సంఘాలవాళ్లను కలవకుండా ఉండడు. ఆ మీటింగ్‌కు నాకు పిలుపు వస్తే అదే ప్రశ్న అడుగుతాను.

నరసాపురం_పద్మ:
అడగండి రవి గారూ. పిల్లల మాట ఎత్తకుండా, పక్కూరి అన్నయ్య చెప్పినట్టే అడగండి. వీలైతే రికార్డు చేసి ఇక్కడ పెట్టండి.

ఆష్‌బర్న్_మూర్తి:
నేను స్పాన్‌బర్గర్ ఆఫీసుకు ఈమెయిల్ రాస్తున్నాను, మద్దతు ఎందుకు కొనసాగించారో ఇప్పుడైనా చెప్పమని. మా జిల్లావాళ్లు ఎవరైనా సంతకం చేస్తామంటే ఇక్కడే చెప్పండి, ఆదివారం లోపు పంపుతాను.